గురుగ్రహం మీద మబ్బులు మారాయి... చూశారా?

పన్నెండేళ్లకోసారి కృష్ణమ్మకు పుష్కరాలు తెచ్చే గ్రహం అది. ‘మావాడికి గురుబలం ఉందా పంతులుగారూ’ అని అడిగేవాళ్లు ఊరూరా ఉంటారు. కానీ ఆ గురుణ్ని కళ్లారా చూసినవాళ్లు ఎందరు? అక్కడ వారానికో తీరుగా మారే మబ్బుల్ని కనిపెట్టుకుని ఉంటున్నవాళ్లలో చాలామంది పెద్ద పెద్ద శాస్త్రవేత్తలేం కాదు. వ్యాపారులు, ప్రోగ్రామర్లు, రిటైరైన గని కార్మికులు! ఆ కాపలాలో మన పాలమూరు ఆకాశానికీ ఓ చోటుంది. అదింకా ఖాళీగానే ఉంది.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగాయి. జూరాల దగ్గర, బీచుపల్లిలో, నదీతీరం పొడవునా ఇసుకేస్తే రాలనంత జనం. పన్నెండు రోజులపాటు తెల్లవారుజామునే స్నానాలు, పిండప్రదానాలు, దీపాలు. ఆ సందడి మొత్తానికీ కారణం ఆకాశంలో ఉన్న ఓ చుక్క. పంచాంగం లెక్క ప్రకారం గురుడు కన్యారాశిలోకి అడుగుపెడితే కృష్ణకు పుష్కరాలు. సింహంలోకి వస్తే గోదావరికి, మకరంలోకి వెళ్తే తుంగభద్రకు. సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి గురుడికి పన్నెండేళ్లు పడుతుంది (నిక్కచ్చిగా చెప్పాలంటే 11.86 ఏళ్లు). అందుకే ఒక్కో నదికి పన్నెండేళ్లకోసారి వంతు.

అంటే మన పెద్దలు గురుడి నడకను శతాబ్దాల తరబడి గమనించారన్నమాట. నడక సరే... మరి ఆ గ్రహం ముఖం ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే టెలిస్కోపు కావాలి. చిన్నదైనా ఫరవాలేదు. కంటికి ఒట్టి చుక్కలా కనిపించే గురుడు నలభై రెట్లు పెద్దదిగా చూపించే టెలిస్కోపులో, మనం మామూలుగా చూసే పున్నమి చంద్రుడంత అవుతాడు. ఆ పళ్లెం మీద అడ్డంగా రెండు గోధుమరంగు చారలు. పక్కనే వరసగా నాలుగు చుక్కలు... అవి ఆయన చందమామలు. మొదటిసారి చూసినవాళ్లెవరైనా కాసేపు కన్ను తీయరు.

అసలు ఆట అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే రేపు చూస్తే అది ఇవాళ్టిలా ఉండదు!

నేల లేని లోకం

చందమామను వందేళ్ల తర్వాత చూసినా అవే గుంటలు, అవే కొండలు. గురుడి సంగతి అలా కాదు. అక్కడ కాలు మోపడానికి నేలే లేదు. మనకు కనిపించేదంతా మబ్బే. భూమికి పదకొండు రెట్లు వెడల్పైన ఆ గోళం పది గంటలకన్నా తక్కువ సమయంలో గిర్రున ఒక చుట్టు తిరిగేస్తుంది. నడుము దగ్గర 9 గంటల 50 నిమిషాలు, అటూ ఇటూ 9 గంటల 55 నిమిషాలు. ఒకే గ్రహానికి రెండు లెక్కలేమిటంటారా? ఉన్నది మబ్బులే కదా... నడుము దగ్గరి మబ్బులు మిగతావాటికన్నా వేగంగా పరుగెడతాయి.

ఆ తిరుగుడు ధాటికి మబ్బులన్నీ పట్టీలు పట్టీలుగా సాగిపోయాయి. తెల్లగా మెరిసేవి అమ్మోనియా మంచుతో నిండిన ఎత్తయిన మబ్బులు. గోధుమరంగు పట్టీల్లో ఆ తెల్లటి తెర పలచబడి కింది రంగు బయటికొస్తుంది. పట్టీల అంచుల్లో గాలులు ఒకటి తూర్పుకు వీస్తే పక్కది పడమరకు. కొన్నిచోట్ల వాటి వేగం గంటకు 500 కిలోమీటర్లు దాటుతుంది. కోస్తాను కుదిపేసే మన తుపాన్లు దానిముందు పిల్లగాలులే!

ఆ గాలుల మధ్య సుళ్లు పుడతాయి. కొన్ని వారాల్లో మాయమవుతాయి. కొన్ని పక్క సుడిని మింగేసి బలుస్తాయి. 1939-40 ప్రాంతంలో పుట్టిన మూడు తెల్లటి సుళ్లు అరవై ఏళ్లపాటు ఒకదాని వెంట ఒకటి గ్రహం చుట్టూ తిరిగాయి. 1998లో రెండు కలిసిపోయాయి. 2000లో మూడోదీ వాటితో చేరింది. మూడు ఒక్కటైన ఆ సుడికి ‘ఓవల్ బీఏ’ అని పేరు పెట్టారు.

ఒక్కోసారి పట్టీకి పట్టీయే మాయమవుతుంది. 2010లో అదే జరిగింది. ఎప్పుడూ జంటగా కనిపించే రెండు చారల్లో దక్షిణం వైపుది కనిపించలేదు. ఎవరో తుడిపేసినట్టు తెల్లగా అయిపోయింది. ఎక్కడికీ పోలేదు, పైన తెల్లటి మబ్బు కప్పేసిందంతే. అదే ఏడాది నవంబరులో ఆ తెలుపు మధ్య ఓ చిన్న మచ్చ పొంగింది. అక్కణ్నుంచి మెల్లగా చార మళ్లీ వచ్చేసింది.

చిక్కిపోతున్న ఎర్రమచ్చ

గురుడి మీద అన్నిటికన్నా పేరున్న సుడి పెద్ద ఎర్రమచ్చ. 1831 నుంచీ దాని ఆనవాళ్లు రికార్డుల్లో ఉన్నాయి. అంతకుముందు, 1665లో, కాసినీ అనే ఖగోళవేత్త కూడా ఓ మచ్చను చూశాడు. అది 1713 దాకా కనిపించింది. రెండూ ఒకటేనని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. కాదంటోంది 2024లో వచ్చిన ఓ పరిశోధన. పాత బొమ్మల్ని, రాతల్ని, కంప్యూటర్ లెక్కల్ని పక్కపక్కన పెట్టి చూసి, కాసినీ చూసింది వేరే మచ్చ, అది ఆరిపోయాక ఇది పుట్టింది అని తేల్చారు. అప్పట్లో టెలిస్కోపు ముందు కూర్చుని గీసిన పెన్సిల్ బొమ్మలు మూడున్నర శతాబ్దాల తర్వాత సాక్ష్యం చెప్పాయన్నమాట!

ఆ మచ్చ ఇప్పుడు చిక్కిపోతోంది. 19వ శతాబ్దం చివర్లో దాని పొడవు దాదాపు 41 వేల కిలోమీటర్లు. మూడు భూముల్ని పక్కపక్కన పెట్టినా పట్టేసేవి. 1979లో వాయేజర్ నౌకలు వెళ్లేసరికి 23 వేలకు తగ్గింది. 2014లో హబుల్ టెలిస్కోపు కొలిస్తే 16,500. ఇప్పుడక్కడ ఒక్క భూమి పడుతుంది, ఇంకాస్త చోటు మిగులుతుంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే మచ్చ రానురాను గుండ్రంగా మారుతోంది. మన మనవళ్లు చూసేనాటికి అది ఉంటుందా, కరిగిపోతుందా? ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. చెప్పాలంటే ఒకటే దారి... రోజూ చూస్తూ ఉండటం.

రోజూ చూసేదెవరు?

‘ఇన్ని కోట్ల డాలర్ల టెలిస్కోపులున్నాయిగా, అవి చూడవా’ అనిపిస్తుంది. చూస్తాయి. కానీ ఎప్పుడో ఒకసారి! హబుల్ టెలిస్కోపు కోసం ప్రపంచమంతా క్యూలో ఉంటుంది. 2014లో మొదలైన ‘ఓపల్’ కార్యక్రమం కింద అది ఒక్కో పెద్ద గ్రహాన్ని ఏడాదికోసారి పలకరించి వస్తుంది. 2016లో గురుణ్ని చేరిన జూనో నౌకనే తీసుకోండి. దాని మొదటి కక్ష్య ఎంత పెద్దదంటే, 53 రోజులకోసారి మాత్రమే గ్రహానికి దగ్గరగా వచ్చేది. వచ్చినప్పుడు కూడా ఓ సన్నటి పట్టీనే దగ్గర్నుంచి చూస్తుంది. మరి మధ్యలో ఏం జరిగింది? ఎక్కడ కొత్త సుడి పుట్టింది? ఈసారి కెమెరా ఎటు తిప్పాలి?

ఆ కబుర్లు చెప్పేది ఇళ్ల పెరట్లో, డాబాల మీద టెలిస్కోపులు పెట్టుకున్న ఔత్సాహికులు. వీళ్లకు జీతం లేదు. చూడమని ఆజ్ఞాపించేవాళ్లూ లేరు. ఉన్నదల్లా ఆసక్తి, ఓపిక. గురుణ్ని గమనించేవాళ్ల కోసం బ్రిటిష్ ఆస్ట్రనామికల్ అసోసియేషన్ ఓ ప్రత్యేక విభాగాన్నే నడుపుతోంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలైన ఆ విభాగం ఏటా ఈ పరిశీలనలన్నిటినీ పోగుచేసి క్రోడీకరిస్తుంది.

కాస్త బద్ధకించి ఉంటే...

ఆంథోనీ వెస్లీది ఆస్ట్రేలియా. వృత్తి కంప్యూటర్ ప్రోగ్రామింగ్. 2009 జులై 19 రాత్రి కాన్‌బెర్రా దగ్గరి తన ఇంటి పెరట్లో, పద్నాలుగున్నర అంగుళాల టెలిస్కోపుతో గురుణ్ని ఫొటోలు తీస్తున్నాడు. గాలి కుదురుగా లేదు. మధ్యలో లోపలికెళ్లి టీవీలో గోల్ఫ్, యాషెస్ క్రికెట్ చూసొచ్చాడు. అర్ధరాత్రి దాటింది. ఇక కట్టేసి పడుకుందామనుకున్నాడు. సరే, ఇంకో అరగంట చూద్దామని ఆగాడు. ఆ అరగంటలోనే దక్షిణ ధ్రువం దగ్గర ఓ నల్లటి మచ్చ కనిపించింది. మొదట ఏ చందమామ నీడో అనుకున్నాడు. లెక్క చూస్తే ఆ టైముకి అక్కడ నీడ పడే అవకాశమే లేదు.

వెంటనే తెలిసినవాళ్లందరికీ కబురు పెట్టాడు. కొన్ని గంటల్లో హవాయిలో ఉన్న నాసా టెలిస్కోపు అటు తిరిగింది. నిజమే! ఏదో పెద్ద వస్తువు వచ్చి గురుణ్ని ఢీకొట్టింది. ఆ దెబ్బకు మబ్బుల్లో మసి లేచింది. అప్పుడప్పుడే రిపేరు పూర్తయి పరీక్షల్లో ఉన్న హబుల్ కొత్త కెమెరాను కూడా అటే తిప్పారు. అంతకు పదిహేనేళ్ల ముందు, 1994 జులైలో, షూమేకర్-లెవీ తోకచుక్క ముక్కలు గురుడి మీద పడ్డాయి. అవి పడతాయని అప్పుడు ఏడాది ముందే తెలుసు. ప్రపంచమంతా కాచుకుని కూర్చుంది. ఈసారి మాత్రం ఎవరికీ తెలియదు... అరగంట ఆగిన ఓ మనిషికి తప్ప.

ఫిలిప్పీన్స్‌లోని సెబు నగరానికి చెందిన క్రిస్టఫర్ గో వ్యాపారి. 2006 ఫిబ్రవరిలో ఆయన తీసిన ఫొటోల్లో ఓ వింత బయటపడింది. పైన చెప్పుకున్న ‘ఓవల్ బీఏ’ తెల్లగా ఉండాల్సింది, ఎర్రబడింది! పెద్ద మచ్చకు తమ్ముడొచ్చాడని పత్రికలు రాశాయి. 2010 జూన్ 3న వెస్లీ, గో ఇద్దరూ వేర్వేరు దేశాల్లో ఉండి, ఒకే క్షణంలో గురుడి మీద ఓ మెరుపును రికార్డు చేశారు. ఏదో చిన్న రాయి పడి భగ్గుమని మండిపోయింది. ఆ వెలుగు ఉన్నది ఒకటి రెండు క్షణాలే. ఒక్కరే చూసి ఉంటే కెమెరా లోపమనేవాళ్లు. ఇద్దరు చూశారు కాబట్టి లోకం నమ్మింది. ఆ నవంబరులో మాయమైన చార తిరిగి వస్తున్న సూచనను పట్టిందీ ఈ గోనే.

2020 మే 31న దక్షిణాఫ్రికాలో క్లైడ్ ఫోస్టర్ అనే ఔత్సాహికుడు ఎర్రమచ్చకు దగ్గర్లో అప్పుడే పొంగిన ఓ కొత్త మచ్చను పట్టాడు. సరిగ్గా రెండు రోజులకు జూనో నౌక అటు నుంచే వెళ్లి దాన్ని దగ్గర్నుంచి ఫొటో తీసింది. ఆ మచ్చను ఇప్పుడు ‘క్లైడ్స్ స్పాట్’ అంటున్నారు. 2021 సెప్టెంబరు 13న బ్రెజిల్‌లో మరో ఔత్సాహికుడి వీడియోలో మెరుపు పడింది. ఆయనకు ఆ సంగతి తెలిసింది మర్నాడు పొద్దున, సాఫ్ట్‌వేర్ చెప్పాకే!

నవ్వించే నటుడు... శనిని పట్టాడు

గురుడే కాదు, శనీశ్వరుడూ తక్కువేం కాదు. చూడ్డానికి నిమ్మళంగా ఉంటాడు. కానీ సుమారు ముప్ఫై ఏళ్లకోసారి ఒళ్లు విరుచుకుంటాడు. మబ్బుల్లోంచి భయంకరమైన తుపాను ఒకటి తెల్లగా పైకి తన్నుకొస్తుంది. 1876, 1903, 1933, 1960, 1990... ఇలా వచ్చాయవి.

1933 ఆగస్టు 3న ఆ తెల్లమచ్చను కనిపెట్టిందెవరో తెలుసా? విల్ హే. బ్రిటన్‌లో పేరుమోసిన హాస్యనటుడు. పగలంతా జనాన్ని నవ్వించి, రాత్రి లండన్‌లోని తన ఇంట్లో ఆరంగుళాల టెలిస్కోపు ముందు కూర్చునేవాడు. మన రేలంగిగారో, అల్లు రామలింగయ్యగారో షూటింగ్ నుంచి వచ్చి డాబా ఎక్కి శనిగ్రహాన్ని చూస్తున్నట్టు ఊహించుకోండి... అలాగన్నమాట!

లెక్క ప్రకారం 1990 తర్వాత తుపాను 2020 ప్రాంతంలో రావాలి. పదేళ్లు ముందే, 2010 డిసెంబరులో వచ్చేసింది. శని చుట్టూ తిరుగుతున్న కాసినీ నౌక ఆ పిడుగుల చప్పుడును రేడియోలో విన్నది. అదే సమయంలో ఇరాన్, ఆస్ట్రేలియా, ఫిలిప్పీన్స్‌లలోని ఔత్సాహికులు తెల్లమచ్చను ఫొటోల్లో పట్టారు. రెండు నెలలు తిరక్కుండానే ఆ తుపాను తోక గ్రహం మొత్తాన్నీ చుట్టేసింది.

ఆస్ట్రేలియాలో బ్రోకెన్ హిల్ అని ఓ గనుల ఊరుంది. అక్కడి ట్రెవర్ బారీ గనిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత ఖగోళశాస్త్రం చదువుకున్నాడు. ఆయన పెరటి టెలిస్కోపు నుంచి వెళ్లిన శని తుపాన్ల ఫొటోలు కాసినీ శాస్త్రవేత్తలకు ఎంతో అక్కరకొచ్చాయి. నౌక పిడుగును వింటుంది, అది ఏ మబ్బులోదో ఈయన చూపిస్తాడు. జీవితమంతా భూమి లోపల చూసిన మనిషి ఆకాశానికి కాపలాదారు కావడం... ఎంత బాగుంది!

మనవాళ్లకు కొత్తేం కాదు

‘ఇదంతా విదేశాల్లో కదా’ అని పెదవి విరిచేయకండి. టెలిస్కోపు సరదా తెలుగునేలకు చాలా పాతది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840లో డాబా గార్డెన్స్‌లోని తన ఇంట్లోనే నక్షత్రశాల పెట్టుకున్నారు. ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా వెళ్లినప్పుడు ఆయన అక్కణ్నుంచి గమనించి లెక్కలు కట్టారు.

హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్‌కు కూడా ఇదే పిచ్చి. ఇంగ్లండ్ నుంచి పదిహేనంగుళాల టెలిస్కోపు తెప్పించి 1901లో ఫిసల్‌బండలో పెట్టారు. ఆయన కన్నుమూశాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. అదే నిజామియా అబ్జర్వేటరీ. బేగంపేటకు మారిన ఆ అబ్జర్వేటరీ ప్రపంచ దేశాలు పంచుకుని చేసిన నక్షత్రాల జాబితాలో తన వంతుగా ఏడున్నర లక్షలకు పైగా చుక్కల స్థానాలను లెక్కగట్టింది.

ఆ అబ్జర్వేటరీలో పనిచేసే ఓ ఉద్యోగి కొడుకు నిజాం కాలేజీలో చదువుతూ, రాత్రుళ్లు వెలుగు మారే నక్షత్రాల్ని గమనించి వ్యాసాలు రాశాడు. హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లాడు. 1949లో అక్కడ ఓ కొత్త తోకచుక్కను కనిపెట్టాడు. ఆయనే వేణు బప్పు. తర్వాత తమిళనాడులోని కావలూరులో అబ్జర్వేటరీ నెలకొల్పారు. 1977 మార్చిలో యురేనస్‌కు వలయాలున్నాయని ప్రపంచానికి తెలిసినప్పుడు ఆ సాక్ష్యం అందించినవాటిలో కావలూరూ ఒకటి. కొడుకును టెలిస్కోపు ముందు కూర్చోనిచ్చిన ఓ తండ్రి, చూడ్డానికి వీలిచ్చిన ఓ ఊరు... వాటి ఫలం అది.

హైదరాబాద్ దీపాలు ఎక్కువయ్యాక ఉస్మానియా విశ్వవిద్యాలయం చీకటి వెతుక్కుంటూ నల్గొండ వైపు నడిచింది. ఇబ్రహీంపట్నం దాటాక జాపాల, రంగాపూర్ గ్రామాల మధ్య గుట్ట మీద 1968లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. అప్పట్లో దేశంలోని పెద్ద టెలిస్కోపుల్లో అదొకటి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఆ గుట్టకు శాస్త్రవేత్తలు తరలివచ్చారు. కానీ రానురాను ఆలనాపాలనా కరవై ఆ పెద్ద టెలిస్కోపు మూలనపడింది. బేగంపేటలోని పాత గుమ్మటాలూ అంతే. ఇప్పుడవి ఓ పరిశోధన సంస్థ ఆవరణలో మౌనంగా నిలబడి ఉన్నాయి.

పెద్ద గుమ్మటాలు మూతపడితే చూసే పని ఆగిపోవాలా? గురుడి విషయంలో అక్కర్లేదు. అదే ఈ కథలో మంచి సంగతి.

ఆత్మకూర్‌కు ఉన్న వరం

ఒకప్పుడు అమరచింత సంస్థానానికి కేంద్రం, ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉన్న ఆత్మకూర్‌నే తీసుకుందాం. చుట్టూ వేరుశనగ, వరి చేలు, గుట్టలు, కాస్త దూరంలో జూరాల నీళ్లు. రాత్రిపూట మోటారు వేయడానికి పొలం వెళ్లిన రైతులకు ఆకాశం కొత్త కాదు. గొర్రుకొయ్యలు ఎక్కడికొచ్చాయో, పిల్లలకోడి ఎటు వాలిందో, వేగుచుక్క పొడిచిందో లేదో చూసి ‘జాము పొద్దుంది’ అని చెప్పిన తాతలు ఇక్కడ ఎందరో. కృష్ణ ఒడ్డున పాలమూరుకైనా, మూసీ ఒడ్డున నల్గొండ ఊళ్లకైనా ఇది వర్తిస్తుంది.

ఈ ఊరికి గురుణ్ని చూసే విషయంలో మూడు సౌకర్యాలున్నాయి.

మొదటిది, చోటు. 2020 జులైలో గురుడు భూమికి దగ్గరగా వచ్చినప్పుడు లండన్ వాళ్లకు ఆకాశంలో 17 డిగ్రీల ఎత్తు కూడా లేచి కనిపించలేదు. చెట్ల వెనకా, ఇళ్ల వెనకా దోబూచులే. అదే ఆత్మకూర్‌లో 50 డిగ్రీలు దాటి పైకొచ్చాడు. 2026 జనవరిలో అయితే అర్ధరాత్రి వేళ దాదాపు నడినెత్తి మీద, 84 డిగ్రీల ఎత్తున ఉన్నాడు. గ్రహం ఎంత పైనుంటే అంత తక్కువ గాలిపొర గుండా చూస్తాం. బొమ్మ అంత నిలకడగా ఉంటుంది.

రెండోది, టైము. గురుడు నిరంతరం తిరుగుతుంటాడు. ఫిలిప్పీన్స్‌లోని సెబుకీ ఆత్మకూర్‌కీ మధ్య సూర్యుడి లెక్కన మూడు గంటల తేడా. ఆ మూడు గంటల్లో గురుడు తన చుట్టులో మూడోవంతు తిరిగేస్తాడు. అంటే సెబులో గురుడు అస్తమించే వేళకు వాళ్లకు కనిపించని ముఖం మనవైపు తిరుగుతూ ఉంటుంది. ఇటలీ వంతు రావడానికి ఇంకా నాలుగు గంటలు పైనే పడుతుంది. ఆ సందులో ఏ రాయి పడ్డా, ఏ సుడి పొంగినా చూడాల్సింది మనమే. మెరుపు ఉండేది క్షణం. ఆ క్షణాన మనవైపు ఎవరూ మెలకువగా లేకపోతే అది జరిగినట్టే ఎవరికీ తెలియదు. మర్నాడు ఎన్ని కోట్లు ఖర్చుపెట్టినా దాన్ని మళ్లీ చూడలేం.

మూడోది, కాలం. గురుడు దాదాపు 13 నెలలకోసారి భూమికి దగ్గరగా వచ్చి రాత్రంతా కనిపిస్తాడు. 2026లో అది జనవరి. 2027లో ఫిబ్రవరి, 2028లో మార్చి, 2029లో ఏప్రిల్, 2030లో మే. అన్నీ మనకు వానల్లేని నెలలే! ఆ తర్వాత మళ్లీ వానాకాలంలో పడతాడు.

ఇంకో మాట. పాలపుంతను చూడాలంటే కటిక చీకటి కావాలి. గురుడికి అదీ అక్కర్లేదు. వీధిదీపాల మధ్య హైదరాబాద్ అపార్ట్‌మెంటులోనూ చూడొచ్చు.

గడియారం, నోట్‌బుక్కు చాలు

ఇంతకీ ఏం కావాలి? రెండున్నర, మూడంగుళాల చిన్న టెలిస్కోపులో రెండు చారలూ, నాలుగు చందమామలూ కనిపిస్తాయి. ఆరంగుళాలదైతే ఎర్రమచ్చ, చందమామల నీడలు, చారల అంచుల్లోని వంకరటింకరలు కూడా. మంచి స్మార్ట్‌ఫోన్ కొనే ఖరీదుకు అటూ ఇటూగా ఇలాంటిది వస్తుంది. ఒక్కరి వల్ల కాకపోతే నలుగురు కలిసి కొనుక్కోవచ్చు. స్కూలుకు ఒక్కటి ఉన్నా చాలు.

డాబా మీద కన్నా నేల మీద పెట్టడం మేలు. పగలంతా ఎండకు కాగిన స్లాబు రాత్రి వేడిని కక్కుతూ ఉంటుంది. ఆ వేడిగాలికి గ్రహం నీళ్లలో నాణెంలా ఊగిపోతుంది. కళ్లం, పెరడు, గడ్డి ఉన్న బడి మైదానం... ఇవి మంచివి. టెలిస్కోపును అరగంట ముందే బయటపెట్టి చల్లారనివ్వాలి. చుక్కలు బాగా మినుకుమినుకుమంటుంటే పైన గాలి అల్లకల్లోలంగా ఉన్నట్టు. మినుకు తగ్గిన రాత్రి పండగే!

ఇక అసలు పని. ఎర్రమచ్చో మరో మచ్చో గ్రహం సరిగ్గా మధ్యకు వచ్చినప్పుడు టైము చూసి రాసుకోవాలి. అంతే! గురుడు నిమిషానికి 0.6 డిగ్రీలు తిరుగుతాడు కాబట్టి, ఆ నిమిషాన్ని బట్టి మచ్చ ఏ రేఖాంశం మీద ఉందో చెప్పేయొచ్చు. ఈ రాత్రి 8 గంటలకు మధ్యలో ఉన్న మచ్చ ఐదు చుట్లు తిరిగి, ఎల్లుండి రాత్రి 9 గంటల 38 నిమిషాలకు మళ్లీ అక్కడికి రావాలి. ముందే వచ్చిందంటే ఓ వైపుకి, ఆలస్యమైందంటే మరోవైపుకి జరుగుతోందన్నమాట. ఇలా నెలల తరబడి రాస్తే ఆ సుడి నడక మొత్తం తేలిపోతుంది. గురుడి గాలుల గురించి మొదట తెలిసింది ఇలాంటి నోట్‌బుక్కుల్లోంచే.

ఫొటో తీయాలంటే కాస్త పెద్ద టెలిస్కోపు, వీడియో కెమెరా ఉండాలి. వెబ్‌క్యామ్‌లు వచ్చాక ఈ పని సులువైంది. రెండు మూడు నిమిషాల వీడియోలో వేల ఫ్రేములుంటాయి. గాలి కుదురుగా ఉన్న క్షణాల్లోని ఫ్రేముల్ని సాఫ్ట్‌వేర్ ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి స్పష్టమైన బొమ్మ తయారుచేస్తుంది. బియ్యంలో రాళ్లేరినట్టే! రిజిస్టాక్స్, ఆటోస్టాకర్ట్, విన్‌జూపోస్... వీటికి డబ్బు కట్టక్కర్లేదు. అంతకన్నా ఎక్కువసేపు తీస్తే గ్రహం తిరిగిపోయి బొమ్మ అలికినట్టవుతుంది.

పిల్లలతో చూసేటప్పుడు ఒక్క జాగ్రత్త. సూర్యాస్తమయం అయ్యాకే టెలిస్కోపు బయటికి తీయాలి. దాంట్లోంచి సూర్యుణ్ని ఒక్క క్షణం చూసినా కన్ను పోతుంది.

మొదటి రాత్రి కొత్తవాళ్లకు రెండు చారలు కూడా సరిగా తెలియకపోవచ్చు. నిరుత్సాహపడొద్దు. కన్నుకు కూడా నేర్పాలి. ఓ గుండ్రటి గీత గీసుకుని, కనిపించినంత పెన్సిల్‌తో వేయమనండి. పది రాత్రులయ్యేసరికి ‘నిన్న ఇక్కడ మెలిక లేదే’ అని పిల్లలే అంటారు. ఆ మాట అన్నరోజు నుంచి వాళ్లు గ్రహాన్ని పుస్తకంలో చదివేవాళ్లు కాదు, కనిపెట్టేవాళ్లు.

2028లో కృష్ణకు మళ్లీ పుష్కరాలు. ఆ ఏడాది మార్చిలోనే గురుడు భూమికి దగ్గరగా వచ్చి రాత్రంతా వెలుగుతాడు. ఘాట్లు కట్టడానికి, రోడ్లు వేయడానికి ప్రభుత్వాలు ఎలాగూ ఏర్పాట్లు చేస్తాయి. నది ఒడ్డున ఉన్న బళ్లలో ఒక్కో టెలిస్కోపు కూడా ఆ జాబితాలో చేరితే? పుష్కరాలకు కారణమైన ఆ పెద్దమనిషి ముఖాన్ని మన పిల్లలు కళ్లారా చూస్తారు. ఎర్రమచ్చ ఆ రాత్రి ఎన్నింటికి మధ్యకొచ్చిందో, తేదీ వేసి, టైము వేసి, కింద ఊరి పేరు రాసి పెడతారు.